ఆరు జానలకు పద్నాలుగు బకెట్లు

1వ రోజు. పున్నమి. పోటు పది జానలు.

ఈ పుస్తకంలో అంకెలు మాత్రమే రాయమన్నారు ఓవర్సీరు కామరాజు గారు. కాగితం దొరకడం లేదు కాబట్టి మాటలు దండగ అన్నారు. కానీ అంకె ఎలా వచ్చిందో రాయకపోతే తర్వాత వచ్చేవాళ్ళకి అది ఎందుకూ పనికిరాదని కొండ మీద బడిలో మాకు నేర్పారు. అందుకని సన్నగా, దగ్గర దగ్గరగా రాస్తున్నాను.

నా పేరు నూకరత్నం. ఇవాళ్టి నుంచి కట్ట మీద లెక్కల మనిషిని నేనే. మా ఇంట్లో బడికి వెళ్ళినది నేనొక్కదాన్నే. మా అమ్మ పోలమ్మ పదిహేడో చౌకీ ఊటకాపరి. నాకు ఉద్యోగం వచ్చిందని చెబితే, "మరైతే ఇకనుంచి మా పనికి తప్పులెట్టేది నువ్వేనా?" అని నవ్వింది.

కట్టకి అవతల సముద్రం, ఇవతల సముద్రం కంటే కిందగా ఏడు ఊళ్ళు. కట్ట పొడుగునా ఇరవై నాలుగు చౌకీలు. ఒక్కో చౌకీ కింద కట్ట కడుపులోకి బావిలా చుట్టూ తిరిగే అరవై మెట్లు, ఆ అడుగున ఊటగుంత. నా చిన్నప్పుడు గుంతల్లో ఊట ఎంతో పరికరాలే చూసుకునేవి, పైన యంత్రానికి చెప్పేవి. ఒక్కొక్కటే ఉప్పుకి తుప్పుపట్టి చచ్చిపోయాయి. మార్చడానికి కొత్తవి లేవు. యంత్రం గొంతు మాత్రం మిగిలింది. రోజూ పొద్దున్నే స్తంభాల మీది గొట్టాల్లోంచి "కట్ట పదిలం. అందరూ పనుల్లోకి వెళ్ళవచ్చు" అంటుంది. దాన్ని ఎలా ఆపాలో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పుడు పని ఇలా జరుగుతుంది. పొద్దుటి పోటు నిండుగా ఉన్నప్పుడు నేను కొలకర్ర దగ్గర నిలబడి నీళ్ళు ఎన్ని జానలు ఎక్కాయో చూస్తాను. అన్ని ఎర్రగుడ్డలు తాడుకి కట్టి పైకి లాగుతాను. గుడ్డలు చూసి కాపరులు గుంతలోకి దిగుతారు, ఇసుక గడియారం తిప్పుతారు, ఇసుక మొత్తం జారేలోపు ఎన్ని బకెట్ల నీళ్ళు ఊరాయో తోడి లెక్కపెడతారు. తర్వాత నేను కట్ట మీద నడుచుకుంటూ వెళ్ళి ఒక్కో చౌకీ దగ్గర ఆ అంకె అడుగుతాను. నలభై బకెట్లు హద్దు. ఆపైన నీళ్ళు ఒట్టి నీళ్ళుగా రావు, కట్ట లోపలి మట్టిని తెచ్చుకుంటాయి అని కట్టినవాళ్ళు చెప్పి పోయారు.

12వ రోజు. పోటు ఆరు జానలు.

అంకెలు పుస్తకంలో వరసగా ఉంటే ఏమీ కనబడటం లేదు. గీతలు గియ్యడానికి వేరే కాగితం అడిగాను. ఓవర్సీరు గారు నన్ను చూసి, "నా పెళ్ళి పత్రిక వెనక రాసుకుంటావా? అదొక్కటే ఉంది," అన్నారు.

ఇంటికొచ్చి గోడకేసి చూస్తే మా నాన్న వల ముక్క కనబడింది. నాన్న పోయి ఆరేళ్ళయింది. వల కన్నులన్నీ ఒకే కొలత. కాగితం మీద గళ్ళు ఇంతకంటే సమంగా ఉండవు. ఆ ముక్కని నాలుగు మేకులకి బిగించి గోడకి కట్టాను. కింద అంచు వెంట ఎడమ నుంచి కుడికి పోటు, నాలుగు కన్నులకి ఒక జాన. కింద నుంచి పైకి ఊట, కన్నుకి ఒక బకెట్టు. పోటు ఆరు, ఊట పద్నాలుగు అయితే ఆ రెండూ కలిసే ముడి దగ్గర ఒక గవ్వ కడతాను. పైకి సరిగ్గా నలభై కన్నులే ఉన్నాయి. నలభై దాటితే కట్టే ఉండదు కనక ఇది చాలు అనుకున్నాను.

అమ్మ వచ్చి చూసింది. "మీ నాయిన ఉంటే వలకి చేపలు పడాలి గానీ గవ్వలేటే అనీవోడు," అంది. అని, ఊరుకోకుండా, వదులుగా ఉన్న మూల తనే మళ్ళీ బిగించింది.

32వ రోజు. పున్నమి మర్నాడు. పోటు పది జానలు.

కనబడింది!

గవ్వలు వలంతా చిందరవందరగా పడలేదు. ఎడమ పక్క కింది నుంచి కుడి పక్క పైకి ఒక గుంపుగా ఎక్కుతున్నాయి. గుంపు మధ్యలోంచి దారం లాగి కట్టాను. కొన్ని గవ్వలు దారానికి పైన, కొన్ని కింద. కానీ అన్నీ దాన్ని పట్టుకునే పోతున్నాయి. పోటు ఒక జాన పెరిగితే ఊట రెండు బకెట్లు పెరుగుతుంది. పోటు లేకపోయినా రెండు బకెట్ల తడి ఉంటుంది. ఆరు జానలకు పద్నాలుగు. తొమ్మిదికి ఇరవై.

వలని చుట్టి భుజాన వేసుకుని చౌకీల సమావేశానికి పట్టుకెళ్ళాను. ఆడవాళ్ళు నవ్వారు. ఐదో చౌకీ కొండమ్మ వదిన, "వలకి నగలు పెట్టావు సరే, పెళ్ళెప్పుడు?" అంది. చెప్పడం మొదలుపెట్టాక నవ్వులు ఆగిపోయాయి. వాళ్ళందరికీ వల తెలుసు. ఏ ముడి ఎక్కడుందో నా కంటే ముందే పట్టుకున్నారు. పదహారో చౌకీ ఎర్రయ్య చిన్నాన్న లేచి, దారం వెంట వేలు జరుపుతూ, "అంటే సముద్రం ఎంత పొంగితే కట్ట అంత చెమటోడుతుందన్న మాట," అన్నాడు. బడిలో కూడా ఎవరూ అంత బాగా చెప్పలేదు.

ఓవర్సీరు గారు చాలా సంతోషించారు. ప్రతి చౌకీ దగ్గరా ఒక పలక పెట్టించమన్నారు. ఇన్ని గుడ్డలుంటే ఇన్ని బకెట్లు అని బొమ్మలతో. అక్షరం రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా నేనే గీశాను. ఇరవై నాలుగు పలకలూ నేనే గీశాను.

58వ రోజు. పోటు తొమ్మిది జానలు.

గవ్వలు దారానికి దగ్గరగా వస్తున్నాయి. మొదటి నెల గుంపు బెత్తెడు వెడల్పుండేది. ఇప్పుడు వేలెడే. ఓవర్సీరు గారు ఈ సంగతి కొండ మీద ఉన్న పైవాళ్ళకి రాసి పంపారు, "మా లెక్కల అమ్మాయి పద్ధతి వల్ల కొలతలు నిలకడకి వచ్చాయి," అని. నాకు చదివి వినిపించారు కూడా. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు, సంతోషంతో.

ఇంకో సంగతి. కట్టకి పసుపు రాసే పండగ దగ్గరకొస్తోంది. గుంతలో ఊట ఎక్కువున్న చౌకీ ఆడవాళ్ళు ఆరోజు కట్టని ముట్టుకోకూడదని ఇక్కడి ఆచారం. కట్టకి వాళ్ళ మీద కోపం ఉందంటారు. నిరుడు కొండమ్మ వదిన దూరంగా నిలబడి చూసింది. ఈసారి ఎవరి ఊటా ఎక్కువ లేదు, అందరూ రాయొచ్చు అని నేను చెబితే నా బుగ్గలు పుణికింది.

85వ రోజు. దశమి. పోటు ఆరు జానలు.

ఇవాళ జరిగింది ఏదీ వదలకూడదు. వరసగా రాస్తాను.

ఇవాళ పోటు ఆరు జానలు. నేను ఆరు గుడ్డలే కట్టాను. కానీ తాడుకి నిన్నటి తడిగుడ్డలు మూడు, కింద చుట్టుకుని ఉండిపోయాయి. లాగాక అవి విచ్చుకున్నాయి. తల దించుకుని పుస్తకంలో రాసుకుంటున్నాను, చూడలేదు. చౌకీలన్నీ తిరిగి అంకెలు రాసుకుని వెనక్కొచ్చేటప్పుడు తలెత్తితే పైన తొమ్మిది గుడ్డలు ఎగురుతున్నాయి.

సముద్రం ఆరు. గుడ్డలు తొమ్మిది. ఊట చేసేది సముద్రం కానీ గుడ్డలు కాదు. పద్నాలుగుకి అటూ ఇటూగా రావాలి.

పుస్తకం తీశాను. ఇరవై. ఇరవై. ఇరవై. పంతొమ్మిది. ఇరవై. ఇరవై నాలుగు చౌకీల్లో ఇరవై ఒక్కటి ఇరవై అన్నాయి. పద్నాలుగు అన్నది ఎర్రయ్య చిన్నాన్న ఒక్కడే. మా అమ్మ ఇరవై అంది.

ఎవరూ కొలవడం లేదు. నా పలక చూసి చెబుతున్నారు.

బడిలో మా పంతులమ్మ ఒక మాట అనేది: "ముందు చుక్కలు, తర్వాత గీత. గీత ముందు గీశావా, చుక్కలు సిగ్గుపడి దాని మీదికే వచ్చి కూర్చుంటాయి." పరీక్షలో ఈ మాట రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

86వ రోజు. ఏకాదశి. పోటు ఏడు జానలు.

పొద్దున్నే అమ్మని అడిగాను. అడగడం కూడా కాదు, అరిచాను.

"గుంతలోకి దిగడం ఎప్పుడు మానేశావు?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. ఆవిడకి మోకాళ్ళు వాచి ఏడాదిగా లేవడమే కష్టం. గోడ పట్టుకుని నిలబడి, "ఏటన్నావు?" అంది.

"సముద్రం ఆరుంటే ఇరవై అని చెప్పావు నిన్న. దిగితే ఇరవై ఎలా వస్తుంది?"

"ఇరవై రానేదు."

"మరి?"

"ఇరవై మూడొచ్చింది." అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "తొమ్మిది గుడ్డలున్నాయి. నీ పలక మీద ఇరవయ్యే ఉంది. అందుకే ఇరవై అన్నాను."

నాకు అర్థం కాలేదు. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని పదిహేడో చౌకీకి తీసుకెళ్ళింది. అరవై మెట్లు దిగింది, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనిస్తూ. లాంతరు పైకెత్తి గోడ చూపించింది.

గోడ మీద బొగ్గు గీతలు. వరస వరసలుగా. ఒక్కో వరసలో పైన గుండ్రాలు, కింద గీతలు. గుండ్రాలు గుడ్డలు, గీతలు బకెట్లు. ఒక్క రోజూ తప్పలేదు. మొదటి నెలలో ఆరు గుండ్రాల కింద పద్నాలుగు గీతలు. తర్వాత ఆరు గుండ్రాల కింద పదహారు. తర్వాత పంతొమ్మిది. నిన్నటి వరసలో తొమ్మిది గుండ్రాలు, ఇరవై మూడు గీతలు. తొమ్మిది కాదు, నిన్న సముద్రం ఆరు.

"ఇవన్నీ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"సెప్పడానికేటుంది? నీ లెక్క ఆరుకి పద్నాలుగు. నాకు పదారొచ్చింది. నీవు సదూకున్నదానివి. నేను బకెట్టు నిండా ముంచడం లేదనుకున్నాను. నా సెయ్యి వణుకుతోంది కదా, ఇసక సరిగ్గా తిప్పడం లేదనుకున్నాను." లాంతరు దించింది. "నా తప్పు నీ పుస్తకంలోకి ఎందుకూ అనీసి, నీ అంకే నీకు సెప్పినాను."

నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, "ఇప్పుడేటయిందే గుంటా," అంది. గుంతలో నీళ్ళు పాలు కలిపిన టీ రంగులో ఉన్నాయి.

87వ రోజు. ద్వాదశి. పోటు ఎనిమిది జానలు.

ఈరోజు అమ్మతో పాటు నేనూ దిగాను. ఇరవై తొమ్మిది బకెట్లు. దశమి నాడు ఆరుకి ఇరవై మూడు, ఇవాళ ఎనిమిదికి ఇరవై తొమ్మిది. పదిహేడో చౌకీలో జానకి రెండు కాదు, మూడు. పున్నమికి పదకొండు జానల పోటు వస్తుంది. పాత దారం ఇరవై నాలుగు అంటుంది. ఈ గవ్వలు ముప్పై ఎనిమిది అంటున్నాయి, అదీ కట్ట ఇంకా పాడవ్వకుండా ఉంటే. మూడు రోజులే ఉంది.

వల చుట్టుకుని ఓవర్సీరు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన వల మీది గవ్వలు లెక్కపెట్టారు.

"ఇరవై మూడు చౌకీలు గీత మీద ఉన్నాయి. ఒక్కటి తప్పింది. తప్పు గీతదంటావా, ఆ ఒక్కదానిదంటావా?"

"గీత మీద ఉన్నవే అబద్ధాలండీ. నిజం ఇంత తిన్నగా ఉండదు. మొదటి నెలలో చూడండి, చెదిరి ఉన్నాయి. అప్పుడు కొలిచారు."

"నేను కొండ మీదికి రాశానమ్మా, అంతా నిలకడగా ఉందని. ఇప్పుడు అదంతా ఉత్తదని రాయాలి." ఆయన చెడ్డవాడు కాదు. మొహం బూడిద రంగుకి తిరిగింది. "ఉన్న కూలీలు ఎనభై మంది. పదిహేడు దగ్గర పెట్టాక ఇంకోచోట తెగితే? నాకు ఇరవై నాలుగు చౌకీల నిజం కావాలి. రేపటికి."

88వ రోజు. త్రయోదశి. పోటు తొమ్మిది జానలు.

పొద్దున గుడ్డలు ఎగరెయ్యలేదు. పలకలన్నీ నిన్న సాయంత్రమే విప్పి తెచ్చేశాను. సముద్రం ఎంతుందో తెలియకపోతే కొలవక తప్పదు.

ప్రతి చౌకీ దగ్గరా ఒకే మాట చెప్పాను. తప్పు నాది, పలక గీసింది నేను, ఇవాళ వచ్చిన అంకెకి ఎవరినీ ఏమీ అనరు, పసుపు అందరూ రాయొచ్చు. కొండమ్మ వదిన గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఎక్కువొస్తే మళ్ళీ నన్ను దూరంగా నిలబెడతారు."

"నిలబెడితే నీ పక్కన నేనూ నిలబడతాను వదినా."

"నువ్వు నిలబడితే నాకేటొస్తాది? నీకు పెళ్ళి కూడా అవ్వదు," అంది. అని బకెట్టు తీసుకుని దిగింది. ఇరవై రెండు చెప్పింది.

ఇవాళ్టి గవ్వలు వేరే రంగు దారంతో కట్టాను. పదిహేడు బకెట్లు, పంతొమ్మిది, ఇరవై రెండు, ఇరవై. మొదటి నెలలో లాగే అటూ ఇటూ చెదిరాయి. వాటిని చూస్తే ఏడుపొచ్చింది. వాటన్నిటికీ చాలా పైన, ఒంటరిగా ఒక్క గవ్వ. పదిహేడో చౌకీ, ముప్పై నాలుగు.

ఓవర్సీరు గారు మరో ప్రశ్న అడగలేదు. పదిహేడు కింద ఉన్న రెండు ఊళ్ళని కొండ మీదికి నడిపించమన్నారు. ఎనభై మందినీ కట్ట వెనక అర్ధచంద్రంలా రెండో గట్టు వెయ్యడానికి పంపారు. పదిహేడు తెగినా నీళ్ళు ఆ రెండు ఊళ్ళతో ఆగితే మిగతా ఐదూ బతుకుతాయి.

89వ రోజు. చతుర్దశి. పోటు పది జానలు.

పదిహేడో చౌకీలో ఊట ముప్పై ఎనిమిది. గట్టు సగమే లేచింది. రేపటి పోటు నిండేదాకా మనుషులు మట్టి వెయ్యాల్సిందే. వాళ్ళు ఎప్పుడు పారిపోవాలో చెప్పడానికి గుంతలో ఒకరు ఉండాలి. నలభై దాటాక తోడిన ప్రతి బకెట్టుకీ, గుంతలోంచి తాడు లాగి చౌకీ గంట ఒకసారి కొట్టాలి. మొదటి గంట వినబడగానే అందరూ గట్టు దాటి పరుగెత్తాలి.

నేను దిగుతానన్నాను.

"కొలకర్ర ఎవరు సూస్తారు?" అంది అమ్మ. "పోటు తగ్గుతోందో పెరుగుతోందో తెలీకపోతే ఆ ఎనభై మందికి ఉండమనో పొమ్మనో ఎవరు సెప్తారు? నువ్వు సముద్రం సూడు. నేను ఊట సూస్తాను. రెండూ ఉంటేనే కదే నీ వలకి గవ్వ."

"నీ మోకాళ్ళతో అరవై మెట్లు ఎక్కలేవు."

ఎర్రయ్య చిన్నాన్న అందుకున్నాడు. "తాడుకి పీట కట్టి నేను పైన కూసుంటాను. గంట వినబడితే లాగేస్తాను. మా వదిన బరువు నాకు తెలీదా? మోసినోణ్ణే, పెళ్ళిలో పల్లకీ."

"అప్పుడు నేను సన్నంగా ఉండీదాన్ని," అంది అమ్మ. అందరం నవ్వాం.

రాత్రి అన్నం పెడుతూ అడిగింది. "ఇసక సగంలో ఉండగా ఆపేస్తే ఆ లెక్క పనికొస్తాదా?"

"పనికిరాదమ్మా. మొత్తం జారాలి," అన్నాను. వేరే ఏదో ఆలోచిస్తూ అన్నాను.

90వ రోజు. పున్నమి. పోటు పదకొండు జానలు.

93వ రోజు.

మూడు రోజులు రాయలేదు. పున్నమి నాటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

పోటు పదకొండు నిండింది. కొలకర్ర దగ్గర నుంచి పదిహేడో చౌకీ కనబడుతుంది, గంట వినబడుతుంది. మొదటి గంట వినబడింది. గట్టు మీద మనుషులు పారలు పడేసి పరుగెత్తారు. రెండో గంట. మూడు. నేను పుస్తకంలో గీతలు పెడుతున్నాను, చెయ్యి దానంతట అదే పెడుతోంది. నాలుగు. ఐదు. చౌకీ వైపు పరుగెత్తడం మొదలుపెట్టాను. పరుగెత్తుతూనే ఆరు విన్నాను. ఏడు విన్నాను. ఎనిమిది వినబడలేదు.

ఎర్రయ్య చిన్నాన్న మొదటి గంటకే పీట దించాడు. అది ఆవిడ ముందే వేలాడిందట. అరిచాడట, "వదినా, కూసో!" అని. కింద నుంచి ఆవిడ అన్న మాట ఆయన నాకు మూడు రోజుల తర్వాత ఇవాళ చెప్పాడు, నా మొహం చూడకుండా.

"ఉండు ఎర్రయ్యా. ఇసక ఇంకా అవ్వనేదు."

కట్ట పదిహేడు దగ్గర నలభై గజాలు తెగింది. రెండో గట్టు నిలబడింది. ఖాళీ చేసిన రెండు ఊళ్ళూ మునిగాయి, ఐదు ఊళ్ళు మిగిలాయి. ఎనభై మంది కూలీలూ ఉన్నారు. ఎర్రయ్య చిన్నాన్న అరచేతుల్లో తాడు కోసుకుపోయి అన్నం కలుపుకోలేకపోతున్నాడు. కొండమ్మ వదిన కలిపి పెడుతోంది.

మర్నాడు పొద్దున యంత్రం గొట్టాల్లోంచి "కట్ట పదిలం" అంది. కామరాజు గారు నిచ్చెన వేసుకుని ఎక్కి, ఒక్కో గొట్టాన్నీ గొడ్డలితో కొట్టి కింద పడేశారు. ఒక్కటీ వదల్లేదు. ఎవరినీ సాయం రానివ్వలేదు.

ఇవాళ వల ముందు కూర్చున్నాను. పోటు పదకొండు, ఊట నలభై ఏడు. గవ్వ చేతిలో ఉంది. కట్టడానికి ముడి లేదు. వల నలభై కన్నుల దగ్గర అయిపోయింది.

వల అల్లడం అమ్మే నేర్పింది, నేను బడికి వెళ్ళకముందు. ఎడమ చేతి బొటనవేలి మీద కొలత, సూది కిందినుంచి, ముడి బిగించేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు. చాలా ఏళ్ళయింది. మొదటి కన్ను వంకరగా వచ్చింది, విప్పాను. సాయంత్రానికి పైన ఏడు వరసలు అల్లాను. పాత దారం ఉప్పుకి నల్లబడింది, కొత్త ఏడూ తెల్లగా ఉన్నాయి.

గవ్వ కట్టాను. మధ్యలోంచి పోయే దారం విప్పేశాను. ఈసారి ఇంకా కట్టలేదు. రేపు పొద్దుటి పోటుకి ఇరవై మూడు చౌకీలు కొలవాలి.